మన చేయి: దానిని తెలిసికొన్న చరిత్ర



ఈనాటి నా ప్రసంగమునకు విషయము మన చేయి. ప్రొద్దున లేచినది మొదలు నిద్రించువఱకు దానిచేత పని చేయించుకొందుమే కాని, అది యెట్లు పని చేయుచున్నదో విచారించువారు తక్కువ. ఎముకల శస్త్రవైద్యమున పరీక్షకు కూర్చుండు విద్యార్థులు మాత్రము చేతిని, మణికట్టును గూర్చి మాసముల తరబడి చదివి, ఒక్కొక్క యెముక పేరును, ఒక్కొక్క కండ పనిని వల్లెవేయుదురు. వారు కొలది మాసములలో నేర్చుకొను ఆ పాఠమును కూర్చుటకు లోకమునకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను నేనొక చిన్నమాట నాధారముగా చేసికొని చెప్పదలచితిని. ఆ మాట ‘నరము’.

మన పల్లెలలో నరమనగా నేమి? ముసలివారి చేతిపై నీలముగా తేలి కనబడునది నరము. పిడికిలి బిగించినపుడు మణికట్టుకడ త్రాడువలె లేచునది నరము. మోచేయి గడపకు తగిలినపుడు చిటికెనవ్రేలిదాక జివ్వుమనిపించునదియు నరమే. నిజమునకు ఈ మూడును మూడు వేఱు వస్తువులు. మొదటిది రక్తము ప్రవహించు నాళము. రెండవది ఎముకను లాగు స్నాయువు. మూడవది ఆజ్ఞను, స్పర్శను మోయు జ్ఞానతంతువు. మనము మాత్రమే వీనిని కలిపి పలుకుచున్నామని చిన్నబోనక్కఱలేదు. పూర్వపు గ్రీకులును ‘న్యూరాన్’ అను మాటను మొదట స్నాయువునకు వాడి, పిమ్మట జ్ఞానతంతువునకు గూడ దానినే పేరు చేసిరి. వీనిని విడదీసి యెఱుగుటకు మనుష్యులెంత శ్రమపడిరో, ఎఱిగినందువలన ఎవరి చేతులు నిలిచినవో చెప్పుట నా యుద్దేశము.

మొదట చేతి కట్టుబడిని చూతము. మణికట్టుతో గూడ ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు కలవు. మణికట్టులో నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా 8, అరచేతిలో 5, వ్రేళ్లలో 14. బొటనవ్రేలికి రెండెముకలు, తక్కిన నాల్గింటికి మూడేసి. రెండు చేతులకును కలిసి 54. పెద్దవాని దేహమున నుండు 206 ఎముకలలో నాల్గవవంతునకు మించి రెండు చేతులలోనే యున్నవన్నమాట.

మఱి వ్రేళ్లను ముడుచు కండ యెచ్చట నున్నది? వ్రేలిలో లేదు. మీరు కుడి ముంజేతిని మోచేతికి దిగువగా ఎడమచేతితో పట్టుకొని, కుడి పిడికిలిని బిగించి వదలి చూడుడు. కండ ఉబ్బి అణగుట మీ యెడమచేతికి తెలియును. కొయ్యబొమ్మలాటలో బొమ్మ తెరముందు ఆడును, దాని నాడించువాడు వెనుక నుండును, నడుమ సూత్రములుండును. మన ముంజేతిలోని కండలు ఆడించువారు, స్నాయువులు సూత్రములు, వ్రేళ్లు బొమ్మలు. మణికట్టు లోపలివైపున ఎముకల వంపుపై గట్టి పట్టీ యొకటి బిగించియుండుటచే ఒక సొరంగ మేర్పడినది. ఆ యిఱుకు దారిలో 9 స్నాయువులును, ఒక జ్ఞానతంతువును అరచేతిలోనికి పోవుచున్నవి. బొటనవ్రేలికి ఒకటి, తక్కిన వ్రేళ్లకు రెండేసి స్నాయువులు. ఆ రెంటిలో పైనున్నది వ్రేలి మొదట చీలి దారి యిచ్చును. లోపలిది ఆ చీలికగుండ దూరి కొసకణుపునకు పోవును. నడిమి కణుపు నొకటి, కొసకణుపు నొకటి ముడుచును. ఈ రెండేసి సూత్రముల సంగతిని జ్ఞాపకముంచుకొనుడు; ముందు దీనితో పని యున్నది.

ఇవిగాక అరచేతిలోనే పుట్టి అరచేతిలోనే పనిచేయు చిన్న కండలు కొన్ని కలవు. అన్నము కలిపి ముద్ద చేయునపుడు వ్రేళ్లు మొదటికడ వంగి, కొసలు చాపుకొని, బొటనవ్రేలు వానికి ఎదురుగా వచ్చి నిలుచును. ఆ నేర్పు ఈ చిన్నకండలది. పెద్దకండలు గొడ్డలి పట్టుటకు. చిన్నకండలు సూది పట్టుటకు.

ఈ కండలన్నింటికి ఆజ్ఞను తెచ్చునవి మూడు జ్ఞానతంతువులు. వైద్యులు వీనిని మీడియన్, అల్నార్, రేడియల్ అందురు. మీడియన్ తంతువు మణికట్టు సొరంగముగుండ వచ్చి బొటనవ్రేలిని ఎదురుగా తిప్పును. బొటన, చూపుడు, నడిమి వ్రేళ్లకును ఉంగరపువ్రేలిలో సగమునకును స్పర్శ నిచ్చును. అల్నార్ తంతువు మోచేతి లోపలివైపు ఎముక వెనుక గాడిలో చర్మమునకు మిక్కిలి దగ్గఱగా పోవును. గడపకు తగిలి జివ్వుమనునది ఇదియే. అరచేతి చిన్నకండలలో పెక్కింటికి ఇదే యజమాని; చిటికెనవ్రేలికిని ఉంగరపువ్రేలి తక్కిన సగమునకును స్పర్శ దీనిది. రేడియల్ తంతువు మణికట్టును పైకెత్తును. దానికి పట్టు తప్పిన చేయి వ్రేలాడిపోవును.

ఇక చరిత్ర. మన దేశమున సుశ్రుతుడు శస్త్రవైద్యుడగువాడు మొదట మృతదేహమును పరీక్షింపవలెనని విధించెను. దేహమును గడ్డితో చుట్టి, పంజరమున నుంచి, పాఱునీట ఏడురాత్రులు నాననిచ్చి, పిమ్మట వేళ్ల కుంచెతో మెల్లమెల్లగా రాచి పొర తరువాత పొరను కన్నులార చూడవలెనని యాతని విధానము. ఆతడు చెప్పిన 107 మర్మములలో చేతికి సంబంధించినవి పెక్కులు కలవు. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నున్నది క్షిప్రము. అరచేతి నడుమ నున్నది తలహృదయము. మణికట్టుకడ నున్నది మణిబంధము. అచ్చట గాయమైనచో చేయి పనికి మొద్దువాఱునని చెప్పెను. కుష్ఠరోగ లక్షణములలో స్పర్శహానిని గూడ ఆతడు చేర్చియుండెను. ఈ మాటను మనవా రక్షరాల పట్టుకొని వెంబడించియుండినచో ఎంత మేలు జరిగియుండునో ముందు తెలియును.

పశ్చిమదేశములలో క్రీస్తునకు పూర్వము ఇంచుమించు 300 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమందు హెరాఫిలసు అను వైద్యుడు మనుష్యదేహములను కోసి పరీక్షించి, స్నాయువు వేఱు, జ్ఞానతంతువు వేఱు అని స్పష్టముగా విడదీసెను. ఆ తరువాత నాలుగు శతాబ్దములకు పైబడి గేలెను వచ్చెను. క్రీ. శ. 129లో పెర్గము నగరమున పుట్టి, మల్లులకు వైద్యుడై, పిదప రోమునగరము చేరినవాడు. ఆతడు వ్రాసిన వృత్తాంత మొకటి మీకు చెప్పవలెను.

సిరియా దేశమునుండి వచ్చిన పాసనియసు అను పండితునకు చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలిలో సగము తిమ్మిరెక్కి స్పర్శ తప్పినవి. వైద్యులు వ్రేళ్లకు లేపములు వేసిరి. గుణము కనబడలేదు. గేలెను వచ్చి, ముందెన్నడైన దెబ్బ తగిలినదా యని అడిగెను. బండినుండి పడి వీపు పైభాగమున దెబ్బ తిన్నానని పండితుడు చెప్పెను. అంతట గేలెను వ్రేళ్లను విడిచి, వెన్నెముకకడ, ఆ వ్రేళ్లకు పోవు తంతువు బయలుదేరు తావున మందు వేయించెను. రోగికి నయమయ్యెను. బాధ కనబడుచోటు ఒకటి, బాధ పుట్టినచోటు మఱియొకటి యని ఈ చికిత్సచే తేలినది.

అయితే గేలెను ఎక్కువగా కోసి చూచినవి కోతులు మున్నగు జంతువులు. ఆతడు వ్రాసినదే ప్రమాణమని పదమూడు వందల యేండ్లు నమ్మిరి. 1543లో వెసేలియసు అను 28 ఏండ్ల యువకుడు మనుష్యదేహమును తన చేతులతో కోసి, చూచినది చూచినట్లు చిత్రములతో ఒక మహాగ్రంథము నచ్చువేయించి, గేలెను తప్పులను దిద్దెను. ఆ గ్రంథమునందలి తన చిత్తరువులో ఆతడు చర్మమొలిచిన ఒక ముంజేతిని పట్టుకొని, వ్రేళ్లను ముడుచు స్నాయువులను చూపుచు నిలిచియున్నాడు. తన విద్యకు గుర్తుగా అతడు గుండెను గాని తలను గాని యెన్నుకొనలేదు, చేతిని ఎన్నుకొనెను.

మన దేశమున పాశ్చాత్యపద్ధతి శవపరీక్ష 1836లో మొదలయ్యెను. కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదన గుప్త యను పండితుడు కులాచారమునకు వెఱవక శస్త్రము పట్టెను. ఆ కాలముననే యూరపుఖండమున జ్ఞానతంతువు లోపలి రహస్యము తేలుచుండెను. వెన్నునుండి వెలువడు వేళ్లలో ముందరివి కండకు ఆజ్ఞ నిచ్చునవియనియు, వెనుకవి స్పర్శను తెచ్చునవియనియు 1811లో చార్లెసు బెల్లు, 1822లో మజాండీ చేసిన పరిశోధనలవలన స్థిరపడెను. ఆ బెల్లే 1833లో చేతిని గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథము రచించెను. ఆజ్ఞ పోవునది ఒకటి, వార్త వచ్చునది మఱొకటి. రెండును ఒకే త్రాటిలో పేనుకొనియున్నవి. కనుక ఆ త్రాడు చెడినచో చేయి చచ్చుబడుటయే గాక మొద్దుబాఱును గూడ.

ఎముకల సంగతి కొంత సులువైనది. 1814లో డబ్లిను నగర వైద్యుడు అబ్రహాము కోలెసు, పడినపుడు అరచేయి ఆనించుటచే మణికట్టుకు పైన ఎముక విఱుగు విధమును లోపలి చిత్రము లేకయే, చేతి స్పర్శతో గ్రహించి వర్ణించెను. నేటికిని ఆ విఱుగుడు ఆతని పేరనే యున్నది. 1895 డిసెంబరు 22వ తేదీన రంట్గెను తన భార్య చేతికి కిరణచిత్రము తీయగా, ఉంగరముతో గూడ ఎముకలు కనబడెను. ఆనాటినుండి ఎముక దాగలేదు. కాని స్నాయువును, తంతువును ఆ చిత్రమున చక్కగా తెలియవు. చూపునకు చిక్కని ఆ రెంటియందే నేను చెప్పబోవు దుఃఖమంతయు దాగియున్నది.

మనవారు పెద్దరోగ మని గొంతు తగ్గించి పలుకు కుష్ఠువ్యాధిని మీ రెఱుగుదురు. 1873లో నార్వే దేశస్థుడు హాన్‌సెను దానికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొనెను. ఐనను, వ్రేళ్లు వంకరపోయి గోళ్లవలె ముడుచుకొనుట, పుండ్లుపడి పొట్టివగుట చూచి, రోగము మాంసమును కుళ్లబెట్టి రాల్చుచున్నదని లోకము నమ్మెను. రోగిని ఊరిబయట నుంచిరి. భార్యను భర్త, తండ్రిని కొడుకు విడిచిరి. 1898లో చేసిన చట్టము ప్రకారము బిచ్చమెత్తు కుష్ఠురోగులను పట్టి నిర్బంధింపవచ్చును. తెలుగునేలమీద డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో రోగులకొక యాశ్రయము నెలకొల్పినట్లు, అచ్చటచ్చట దయామయులు నీడ నిచ్చిరి. కాని ముడుచుకొనిన చేయి మఱల తెఱచుకొనునని ఎవరును తలపలేదు.

పాల్ బ్రాండు అను ఆంగ్లేయుడు 1914లో తమిళదేశపు కొల్లిమలలో పుట్టెను. లండనులో శస్త్రవైద్యము చదివి 1946లో మన రాయవేలూరి క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చెను. మఱుసటియేడు కుష్ఠువైద్య నిపుణుడు కోక్రేను ఆతనిని చెంగల్పట్టు శరణాలయమునకు పిలిచికొనిపోయెను. అచ్చట ఒక రోగి చేయి పూర్తిగా వంకరపోయి యున్నది. నా చేతిని గట్టిగా పట్టుకొమ్మని బ్రాండు అడిగెను. ఆ రోగి పట్టగా బ్రాండునకు నొప్పిచే కేక వచ్చినంత పనియయ్యెను. వదలిన పిమ్మట ఆతడు ఆలోచింపసాగెను. మాంసము కుళ్లిన చేతికి ఇంత పట్టెక్కడిది? ముంజేతి పెద్దకండలు చెక్కుచెదరలేదు. చెడినవి అరచేతి చిన్నకండలు మాత్రమే.

ఏల? మృతిచెందిన రోగుల దేహపరీక్షలో కారణము దొరికెను. తంతువులు అంతటను చెడలేదు. చర్మమునకు దగ్గఱగా, చల్లగా నుండు తావులలో, ముఖ్యముగా మోచేతికి పైన అల్నార్ తంతువును, మణికట్టుకు పైన మీడియన్ తంతువును వాచి తాళ్లవలె నుండెను. లోతున, వెచ్చగా నున్నచోట తంతువు బాగుగా నుండెను. ముంజేతి కండలలో చాలవానికి ఆజ్ఞ తెచ్చు కొమ్మలు చెడినచోటికి ముందే చీలిపోవుటచే అవి బలముగా నున్నవి. అరచేతి చిన్నకండలకు ఆజ్ఞ నిలిచిపోయినది. వానికి ఎదురులేక వ్రేళ్లు మొదటికడ వెనుకకు విఱుచుకొని, కొసలకడ ముడుచుకొనినవి. రోగము వ్రేళ్లలో కనబడినది. పుట్టినచోటు మోచేయి, మణికట్టు. గేలెను పాసనియసునందు చూచిన న్యాయమే ఇది.

ఇపుడు రెండేసి సూత్రముల సంగతి తలచుకొనుడు. ఉంగరపువ్రేలికి రెండు స్నాయువులున్నవి గదా! ఒకటి పోయినను రెండవది వ్రేలిని ముడువగలదు. కనుక ఒకదానిని కొసకడ విడదీసి, దారి మార్చి, బొటనవ్రేలికి కుట్టినచో, దాని కండకు ఆజ్ఞ చెడలేదు గావున బొటనవ్రేలు మఱల ఎదురుగా వచ్చును. ఇట్లే యితర స్నాయువులను వ్రేళ్లకు కుట్టి, వంకరను తీయవచ్చును. గాయపడిన సైనికులకై ఇట్టి శస్త్రము పశ్చిమదేశములలో పెంపొందియుండెను. అమెరికాలో స్టెర్లింగు బన్నెలు 1944లో దీనిపై గ్రంథము రచించెను. దానిని కుష్ఠురోగి చేతికి వర్తింపజేసి సాధించినవారు రాయవేలూరివారు. శస్త్రము తరువాత కొన్నివారములు కట్టు. పిదప రోగి క్రొత్తగా అభ్యాసము చేయవలెను. ఉంగరపువ్రేలిని ముడువదలచినపుడు బొటనవ్రేలు కదలును. అదియే క్రమముగా అలవడును.

చేయి తెఱచుకొనెను గాని బ్రాండునకు మఱియొక దిగులు పట్టుకొనెను. సరిచేసిన చేతులతో రోగులు పని చేయుచుండగా మఱల పుండ్లు పడుచుండెను. ఒకనాడు త్రుప్పుపట్టిన తాళమును ఆతడు తిప్పలేకపోగా, రోగియగు బాలు డొకడు వచ్చి ఒక్కపట్టున తిప్పెను. చూడగా వాని వ్రేలు ఎముకదాక తెగి రక్తము కాఱుచుండెను. బాలునకు తెలియనే లేదు. కొందఱు రాత్రి పడుకొని తెల్లవాఱి చూచుకొనగా వ్రేలి మాంసము కొంత పోయియుండెను. రాత్రి కావలియుండి చూడగా ఎలుకలు కొఱుకుచుండెను. అప్పటినుండి రోగులకు పిల్లులను పెంపుడిచ్చిరి. ఇట్లు ఒక్కొక్క గాయమునకు కారణము వెదకగా, కాలిన గిన్నె, మొరటు పిడి, గ్రుచ్చుకొనిన మేకు కనబడుచు వచ్చెను. ముఖ్యముగా వ్రేళ్లను పొట్టిచేయునది రోగము గాదనియు, నొప్పి తెలియక మఱల మఱల తగిలిన గాయములును, అందు చేరు చీమును ఎముకను హరించుచున్నవనియు తేలెను. నొప్పిని శాపమని తిట్టుకొను మనకు, అది లేనివాని చేతికి కావలి లేదని అప్పుడు తెలిసినది.

శస్త్రమైనవారిని చేర్చుకొను ఇండ్లు లేవు. అందుచే రాయవేలూరిలో నవజీవ నిలయమను పేర గుడిసెలు కట్టి, వారికి వడ్రంగము మున్నగు పనులు నేర్పిరి. పనిముట్ల పిడులను మార్చి, చేతులను ప్రతిదినము చూచుకొనుట నలవాటు చేసిరి. 1955లో దగ్గఱనున్న కరిగిరిలో పరిశోధనాలయము వెలసెను. చిత్తూరుసీమ 1911వఱకు రాయవేలూరున్న ఉత్తరార్కాడు మండలములోనిదే గదా! ఆ యాసుపత్రి మన దక్షిణపు తెలుగువారికి పొరుగూరివంటిది.

నేడు పరిస్థితి మాఱినది. 1982లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పెక్కుమందులను కలిపియిచ్చు చికిత్సను నిర్ణయించెను. ఆరుమాసములో, పండ్రెండుమాసములో మందు తిన్నచో క్రిమి నశించును, మందు ఉచితము, చికిత్స మొదలిడినంతనే రోగి నుండి అంటుకొను భయము త్వరలో తొలగును. 1898 నాటి చట్టమును 2016లో రద్దుచేసిరి. 2019లో కుష్ఠువును విడాకులకు కారణముగా చూపు నిబంధనలను గూడ తొలగించిరి. ఐనను లోకమున ఏటేట కనబడు క్రొత్తరోగులలో సగమునకు మించి మన దేశమువారే. మందు క్రిమిని చంపును గాని చచ్చిన తంతువును బ్రతికింపదు. కావున నయమైన పిమ్మటను స్పర్శలేని చేయి స్పర్శలేని చేయిగానే యుండును.

అందుచే గ్రామమునకు పెద్దలగు మీకు నే జేయు మనవి యిది. ఎవరి ఒంటనైన రంగు తగ్గిన మచ్చ యుండి, అందు గిల్లినను తెలియనిచో, లేక చిటికెనవ్రేలు మొద్దుబాఱి వంగసాగినచో, జాగుచేయక ప్రభుత్వ వైద్యశాలకు పంపుడు. తంతువు చెడి కొలదికాలమే యైనపుడు మందుతో దానిని కాపాడు అవకాశము కలదు. ఆలసించిన కొలది అది తగ్గును. రోగము నయమై వచ్చినవానిని ఊరిలో చేర్చుకొనుడు, పని యిండు. వాని కొడవలి పిడికి మెత్తని గుడ్డ చుట్టించుడు. పొయ్యిమీది గిన్నెను పట్టకాఱుతోనో మందపు గుడ్డతోనో దింపుమనుడు. ప్రొద్దుగ్రుంకువేళ రెండు చేతులను వెలుతురున త్రిప్పి చూచుకొమ్మనుడు. చిన్న బొబ్బ కనబడినను నానాటికి మానువఱకు ఆ చేతికి విశ్రాంతి నిమ్మనుడు. అతని చేతికి తెలియని గాయము అతని కంటికైన తెలియవలెను. అతని కన్ను తప్పినచో ఇంటివారి కంటికి తెలియవలెను.